పేడకొక్కుల శనివారం

పుట్టకొక్కు, అంటే పుట్టగొడుగు, మాంసమా, కూరగాయా అన్నది మా ఇంట్లో ఏళ్ళ తరబడి నడిచిన వ్యాజ్యం. మాది ఆళ్లగడ్డ. మా ఇలవేల్పు అహోబిలం నరసింహస్వామి, శనివారం ఆయనది. ఆ రోజు ఇంట్లో కోడిగుడ్డు పెంకు కూడా కనిపించకూడదు. పుట్టకొక్కు మాంసమైతే శనివారం పొయ్యెక్కకూడదు, కూరగాయైతే ఏ గొడవా లేదు. తొలి వానలు పడ్డాక కొండవైపు నుంచి అవి తట్టల్లో వచ్చేవి. మా నాయనకు వాటి మీద ప్రాణం. అందుకని ప్రతి తొలకరికీ ఈ వ్యాజ్యం మళ్ళీ విచారణకు వచ్చేది.

తీర్పు చెప్పేది మా జేజి, అంటే నాయనను కన్నతల్లి. "కోస్తే నెత్తురు కారాల, అప్పుడు మాంసం. దీనికి యాడుంది నెత్తురు?" అని ఒక్క మాటతో కేసు కొట్టేసేది. నేను తర్వాత ఉద్యోగమంతా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. పుట్టగొడుగు చెట్టూ కాదు, జంతువూ కాదు, వంశం లెక్క చూస్తే చెట్టు కంటే మనకే దగ్గర చుట్టం అని తెలుసుకున్నాను. జేజి బతికి ఉండగా ఈ సంగతి తెలిసుంటే చెప్పేదాన్ని. చెప్పినా వినేది కాదులెండి.

నేను చెప్పబోయేది పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, నేను ఎస్.ఎస్.ఎల్.సి. పాసైన ఏడాది జరిగింది. నన్ను నంద్యాలలో మా చిన్నమ్మ ఇంట్లో పెట్టి హైస్కూలు చదివించారు. పరీక్షలైపోయి ఆళ్లగడ్డకు వచ్చాను. ఫలితాలు వచ్చాయి, కర్నూలు కాలేజీలో సైన్సు గ్రూపులో సీటు కూడా వచ్చింది. అక్కడ ఆడపిల్లల హాస్టలు ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. జేజి వద్దంది.

మా జేజి నల్లమల అంచున పుట్టి పెరిగిన మనిషి. దొడ్లోకి చిరుత వస్తే చేట తిరగేసి కొట్టి తరిమిందని చెప్పుకునేవాళ్ళు. అది నిజమో కాదో గానీ, జేజి మొహం చూస్తే చిరుత మీదే జాలి కలుగుతుంది. అంతటి మనిషి ఒక్క వీధికి మాత్రం భయపడేది. వీధి ఏమంటుంది, వీధి ఏమనుకుంటుంది, ఎప్పుడూ అదే మాట.

"ఆడపిల్ల ఒంటిగా హాస్టల్లో ఉంటాదంట! రేపు వీధిలో నేను తలెత్తుకోని నడవాల్నా వద్దా?" అంది.

"కర్నూలంటే ఏమన్నా అడివా జేజీ? మొన్నటి దాకా రాజధాని గదా" అన్నాను.

"ఆ రాజధానే ఆడుండలేక హైదరాబాదుకు పాయ. నువ్వు పోయి ఏం పీకుతావ్?"

నాయన సంగతి చెప్పనక్కర్లేదు. ఎద్దులతో మాట్లాడేదాంట్లో సగం కూడా మనుషులతో మాట్లాడేవాడు కాదు, వాళ్ళమ్మ మాట జవదాటేవాడు అసలే కాదు. మా అమ్మ అత్తగారి ఎదుట నోరెత్తగా నేను చూడలేదు. కాలేజీ తెరిచే రోజు దగ్గర పడుతోంది. నేను అన్నం మీద అలిగి చూశాను. జేజి నా కంచం కూడా తన ముందుకు లాక్కుని తినేసింది. మూడో పూటకు నాకే బుద్ధొచ్చింది.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. వక్కిలేరు పొంగింది. కొండవైపు నుంచి ఎవరూ దాటి రాలేదు, పుట్టకొక్కుల తట్టలూ రాలేదు. శనివారం పొద్దున నాయన వాకిట్లో నిలబడి దారి వైపు చూస్తున్నాడు. ఎదురుచూసింది కొక్కుల కోసమేనని అందరికీ తెలుసు. అప్పుడు మా అమ్మ దొడ్లోంచి చెత్త ఎత్తి వస్తూ, "పెంటదిబ్బ మీద ఎన్ని కుక్కగొడుగులు మొలిచినాయో! కాళ్ళకు అడ్డం పడతాండాయి" అంది. అది వినగానే జేజి లేచింది.

నేనూ వెనకే వెళ్ళాను. ఆవులు వేసిన పేడ వానకు నానిన చోటల్లా లేత గోధుమ వన్నె టోపీలు లేచి ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నాయి, కాదనను. అమ్మ మాత్రం, "అవి కుక్కగొడుగులు అత్తా, తినేటివి కావు" అని నోట్లోనే గొణిగింది.

జేజి నడుం మీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టింది. "పుట్టలో మొలిచిండేది తింటాండాం గదా. పుట్టంటే ఏందీ? పాము కాపురముండే చోటు. పేడంటే ఏందీ? దాంతో ఇల్లు అలుకుతాం, గొబ్బెమ్మ పెట్టి మొక్కుతాం. పాము ఎంగిలి తినే నోటికి గోవు ఇచ్చింది పనికిరాదా?"

చూడండి, తర్కంలో వేలు పెట్టే సందు లేదు. అమ్మ ఏరడం మొదలుపెట్టింది. నేనూ ఒకటి పీకాను, కాడ మీద నా గోరు గుచ్చుకుంది. ఆ గుచ్చుకున్న చోట చూస్తుండగానే మరక లేచింది. మొదట ఆకుపచ్చ ఛాయ, ఆ వెనక ముదురు నీలం, చాకలి నీలిమందు వేలికి అంటినట్టు.

నా ప్రాణం లేచి వచ్చింది. కేసు గెలిచాననుకున్నాను. "జేజీ! నెత్తురు కారుతాంది సూడు! ఇది మాంసమే!"

జేజి ఆ కొక్కును కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. గిల్లింది. మళ్ళీ చూసింది. "నెత్తురు ఎర్రగుంటాది. నీలంగుండేది సామి ఒళ్ళు. గోవు కడుపున పుట్టి, సామి రంగు తేలినాక శనివారానికి దీన్ని మించిందేముంది?" అంది.

ఆ నీలం గురించి నేను తర్వాత చాలా చదివాను. చాలాకాలం అది నా పిచ్చి, నా దగ్గర చదివిన పిల్లలను అడగండి, చెబుతారు. ఆ కొక్కులో సైలోసిబిన్ అనే పదార్థం ఉంటుంది. దాని నెత్తిన ఒక ఫాస్ఫేటు ముక్క మూతలా కూర్చుని ఉంటుంది. మూత ఉన్నంతసేపు దానికి గాలి సోకినా ఏమీ కాదు. గోరు గుచ్చితే లోపలి రసాలు కలిసి మూత ఊడుతుంది, మూత ఊడిన అణువులు గాలిలోని ఆక్సిజన్ అందుకుని ఒకదానికొకటి గొలుసు కట్టుకుని నీలమవుతాయి. మనిషి తిన్నా ముందు జరిగేది అదే, ఒంట్లో మూత ఊడుతుంది. మూత ఊడినది మెదడులో రోజూ తిరిగే ఒక సహజమైన రసాయనాన్ని అచ్చంగా పోలి ఉంటుంది. ఇంటిమనిషే అనుకుని మెదడు తలుపు తీస్తుంది. ఆ తర్వాత ఇల్లంతా దానిదే.

జేజికి ఇవేవీ తెలియవు, ఆ రోజుకు నాకూ తెలియవు. జేజికి తెలిసిన పరీక్ష ఒకటే. కూర ఉడికేటప్పుడు పసుపుకొమ్ము వేసింది. కొమ్ము నల్లబడితే విషం, పచ్చగా ఉంటే అమృతం. పచ్చగానే ఉంది. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. పసుపుకొమ్ముకూ వెండి గిన్నెకూ ఉల్లిపాయకూ విషం సంగతి బొత్తిగా తెలియదు. ఆ పరీక్షలో పాసైన కూర తిని కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. మా జేజి అదృష్టం బాగుండి దొరికినవి ఆ రకం. మీ అదృష్టాన్ని మీరు పరీక్షించుకోవద్దు.

శనివారం జేజి మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. పూజ అయ్యాక మొదటి వడ్డన ఆమెకు, పక్కన నాయనకు. నేనూ అమ్మా తర్వాత తినాలి. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి, కొక్కుల కూర. జేజి ఖాళీ కడుపున రెండు మార్లు వేయించుకుంది. నాయన ఒక్క గరిటె తిని, "పుట్టవాటి మాదిరి లేదు, కొంచెం చేదు" అన్నాడు. ఆయన ఒక పూటలో మాట్లాడే మాటలు దాంతో అయిపోయాయి.

వంటిల్లు సర్దుకుని, అరగంటకు మేము కంచాలు పెట్టుకోబోతున్నాం. పడసాలలోంచి నవ్వు వినిపించింది.

మా జేజి నవ్వడం నాకు కొత్త. మూతి ఒక పక్కకు పోవడం వరకే నేను చూశాను. ఇది అలాంటిది కాదు. కడుపులోంచి పొంగుకొచ్చే నవ్వు. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలు. మేము పరుగెత్తాం. జేజి గోడకు ఎదురుగా చాప మీద కూర్చుని సున్నం పూత వంక చూస్తోంది.

"సూడండే, గోడ ఊపిరి పీలుస్తాండాది! ఇన్నేండ్లు అలికినా, ఒక్క దినమన్నా చెప్పిందా నాకు, పాణముందని!"

అమ్మ బిత్తరపోయి దగ్గరికి వెళ్ళింది. జేజి ఆమె రెండు చెంపలూ పట్టుకుంది. "ఎంత బాగుండావే నువ్వు! ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి ఈ మొగం ఈడనే ఉన్నెనా? నేను ఒక్కసారన్నా అంటినా?" అంది. అమ్మ ఏడ్చేసింది. అత్తగారి నోట మంచిమాట వినడం అమ్మకు అదే మొదలు.

నాయనను పిలుద్దామని దొడ్లోకి పోతే ఆయన ఎద్దు మెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "దుక్కిలో నిన్ను కొడితి గదప్పా. మనసులో పెట్టుకున్నావా?" అని అడుగుతున్నాడు. ఎద్దు తల ఊపింది. ఈగ వాలి ఊపిందో, క్షమించి ఊపిందో, నాయన మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు.

నేను మళ్ళీ లోపలికి వచ్చేసరికి వీధి వీధంతా పడసాలలో ఉంది. నవ్వు విని ఒకరు వచ్చారు, వచ్చినావిడ జేజి కళ్ళు చూసి, "పూనకం! ఓబులేసుడు పూనినాడు!" అని కేక పెట్టింది. మావైపు అహోబిలం స్వామిని ఓబులేసుడనే అంటారు. అంతే, గోవిందా గోవింద. ఎవరో కర్పూరం వెలిగించారు, ఎవరో పసుపునీళ్ళు తెచ్చారు. ఒకామెకు మాత్రం అనుమానం వచ్చింది. "నరసింహసామి అయితే గర్జించాల గదా, ఈ నవ్వేంది?"

ఇంకొకామె ఆ అనుమానాన్ని అక్కడికక్కడే తీర్చింది. "ఉగ్రం దిగి, చెంచులక్ష్మిని చూసినప్పటి నవ్వు ఇది. కండ్లు సూడు, ఎట్ల మెరుస్తాండాయో!"

ఒప్పుకోవాలి, అంత చక్కని వివరణ నేను ఏ సెమినారులోనూ వినలేదు.

పూనకం వచ్చినప్పుడు ప్రశ్న అడగడం ఆచారం. అందరికంటే ముందు ఎదురింటి పెద్దాయన చేతులు కట్టుకుని వంగాడు. వీధిలో ఎవరింట ఏం జరగాలన్నా ఆయన తల ఊపాల్సిందే. "సామీ, మా బర్రె ఎప్పుడు ఈనుతాది?"

జేజి ఆయన మీసాల వంక తీరిగ్గా చూసింది. "దాన్నే అడుగు!" అని మళ్ళీ నవ్వులో పడింది. వెనక ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన మొహం కందగడ్డ అయింది.

అప్పుడు మా అమ్మ ముందుకు వచ్చింది. చెంపలు ఇంకా తడిగానే ఉన్నాయి. అంతమంది మధ్య, తల మీది కొంగు కూడా సర్దుకోకుండా నిలబడి అడిగింది. "సామీ, మా పిల్లను కర్నూలు కాలేజీకి పంపాల్నా, వద్దా?"

జేజి నన్ను కింద నుంచి పైకి చూసింది. నా పాదాల దగ్గర చూపు ఆగింది. "పంపు! కర్నూలేంది, ఇంకా అవతలికైనా పంపు! కాళ్ళుండేది దేనికి?"

గోవిందా గోవింద అని వీధంతా అరిచింది. దేవుడి మాట అందరి ఎదుట పడింది, ఇంక తిరుగు లేదు. నేను దొడ్లోకి పరుగెత్తి, నాయన పక్కనే, రెండో ఎద్దు మెడ పట్టుకుని గెంతాను.

సాయంత్రానికి జేజికి అంతా దిగిపోయింది. కడుపు నిండా మజ్జిగన్నం తిని నిద్రపోయింది. మర్నాడు లేచి ఎప్పటిలాగే అమ్మ మీద కేకలు వేసింది గానీ, మునుపటంత కారం లేదు. ముందురోజు మధ్యాహ్నం సంగతి ఎవరూ ఎత్తలేదు, జేజీ ఎత్తలేదు. నాకే ఒక ముల్లు గుచ్చుకుంది. స్వామి పూనితే ఒకరికి పూనుతాడు. అదే పూట నాయన ఎద్దుకు క్షమాపణ ఎందుకు చెప్పుకున్నట్టు? కూర తిన్నది ఆ ఇద్దరే.

టి.సి. తెచ్చుకోవడానికి సోమవారం నంద్యాల వెళ్ళాలి. దిబ్బ మీద మిగిలిన కొక్కులు నాలుగు టేకాకులో చుట్టుకుని బస్సెక్కాను. మా సైన్సు టీచరమ్మకు చూపిస్తే ఆమె ముందు గిల్లింది. నీలం లేచింది. "అబ్బా!" అని ఇంకొకటి గిల్లింది. ఆమెకు సంతోషం వస్తే చిన్నపిల్ల అయిపోయేది. టోపీని కాగితం మీద బోర్లించి పెట్టి, నా కథంతా చెప్పమంది. నేను బర్రె దగ్గరికి వచ్చేసరికి ఆమె బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతోంది. ఎద్దు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు తాగి వచ్చింది.

చివరికి కళ్ళద్దాలు తుడుచుకుని చెప్పింది. "ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివినా. సముద్రాల అవతల కొండ జనం ఇట్లాంటివే పూజల్లో తింటారంట. దాంట్లోని మందును విడదీస్తాండారంట ఇప్పుడు. ఇదీ అదేనో కాదో నేను చెప్పలేను. కానీ మీ జేజికి జరిగింది కూర పనే. నీలిమందు చూసినావు గదా, బట్ట తొట్లోంచి తీసినప్పుడు పచ్చగుంటాది, గాలి తగిలినాక నీలమవుతాది. ఇదీ దాని చుట్టమే అనిపిస్తాండాది నాకు."

అనుమానం కాదు, నిజమే అది. నీలిమందుకూ ఆ కొక్కులోని మందుకూ లోపలి చట్రం ఒకటే. ఆ చట్రానికి పేరు పెట్టిందే నీలిమందును బట్టి. ఒక్క గోటి మరక చూసి ఆమె అంత దూరం ఊహించింది. సాయంత్రానికి కాగితం మీద టోపీ ఆకారంలో ఊదా నలుపు పొడి రాలి ఉంది. విత్తనాల పని చేసే పొడి అది. "కర్నూలుకు పోయి బాగా నేర్చుకొని వచ్చి, మిగతాది నువ్వే నాకు చెప్పు" అంది.

మిగతాది తెలియడానికి లోకానికే చాలాకాలం పట్టింది. ఆ కొక్కు ఆ పదార్థాన్ని తయారుచేసేది ఎక్కడి నుంచో తెచ్చిన సరుకుతో కాదు. మనం తినే కందిపప్పులోనూ ఉండే ట్రిప్టోఫాన్ అనే మామూలు ముక్కే దాని ముడిసరుకు. ఒకచోట కత్తిరిస్తుంది, ఒకచోట ఆక్సిజన్ తగిలిస్తుంది, మూత పెడుతుంది, ఇంకో కొసకు రెండు చిన్న తోకలు అతికిస్తుంది. వంట అయిపోయింది. ఈ వంటకు కావలసిన జన్యువులు చెల్లాచెదురుగా ఉండవు, పోపులపెట్టెలో గిన్నెల్లా పక్కపక్కనే ఉంటాయి. అందువల్లే కాబోలు, పెట్టెకు పెట్టె ఒక జాతి నుంచి ఇంకో జాతికి చేరిందంటున్నారు. తల్లి నుంచి బిడ్డకు రావడం కాదు, పేడదిబ్బలోనూ పుచ్చిన కట్టెలోనూ పక్కపక్కన కాపురమున్న వేరే వేరే కొక్కుల మధ్య చేతులు మారిందట. ఎందుకు చేస్తుందీ అంటే, తనను కొరికే పురుగుల బుర్ర తిప్పడానికి అయ్యుండొచ్చని ఒక ఊహ. మా జేజిని దృష్టిలో పెట్టుకుని మాత్రం చేసి ఉండదు.

టి.సి. పట్టుకుని ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి నా కొంప మునిగి ఉంది. ఎదురింటి పెద్దాయన బర్రె అవమానం మరిచిపోలేదు. మా దొడ్లో పని చేసేవాళ్ళను అడిగి కూర సంగతి రాబట్టి, వీధంతా చాటాడు. "సామీ లేదు, గీమీ లేదు. కుక్కగొడుగులు తిని వాగింది ముసలామె. ఆ వాగుడు పట్టుకోని ఆడపిల్లను ఊరు దాటిస్తారా?"

ఇంట్లోకి అడుగు పెట్టాను. నాయన పడసాలలో కూర్చుని ఉన్నాడు. జేజి స్తంభానికి ఆనుకుని వక్క కత్తిరిస్తోంది. అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. నాయన నన్ను కూర్చోమన్నాడు. ఆయన నాతో పనిగట్టుకుని మాట్లాడడం ఎప్పుడో గానీ జరగదు.

"సామి మాటైతే తీసెయ్యలేను. కొక్కుల మాటైతే మల్లా ఆలోచించాల. ఈ వీధిలో ఎవరి మాటా నేను నమ్మను. నువ్వు సైన్సు చదివినావ్. నువ్వే చెప్పు పాపా. అది సామినా, కొక్కులా?"

ఒక్క మాట చాలు. స్వామి అంటే నేను కర్నూలులో ఉంటాను. ఎవరు కాదంటారు? వీధిలో సగం మంది ఇప్పటికీ గోవిందా అనే అంటున్నారు. అమ్మ గడపలోంచి కళ్ళతోనే, అనవే, అనవే అంటోంది. నేను అమ్మ వంక చూడలేకపోయాను. నాయన నా మొహంలోకి చూస్తున్నాడు. ఆయన ఎవరినీ అడగకుండా నన్ను అడిగాడు. సైన్సు చదవడానికి పోతూ, సైన్సు అడిగిన మొదటి ప్రశ్నకే బొంకితే అక్కడికి పోయి నేను చదివేదేమిటి? నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ కోపంలోనే అనేశాను.

"కొక్కులే నాయనా."

టీచరమ్మ చెప్పిందంతా చెప్పాను. నీలం సంగతి, సముద్రాల అవతల సంగతి. నాయన తల వంచుకుని విన్నాడు. ఎద్దు మెడ పట్టుకున్నది గుర్తొచ్చిందేమో, ఒకసారి చెవులు ఎర్రబడ్డాయి. చివరికి, "అట్లయితే..." అని ఆగిపోయాడు. ఆ తర్వాతి మాట ఏమిటో నాకు తెలుసు. అమ్మ గడపలోనే చతికిలబడింది.

వక్క కత్తెర చప్పుడు ఆగింది.

"ఒరే, కల్లు తాగినోని నోట్లోంచి వచ్చే మాట కల్లుకుండదా, వానిదా?" అంది జేజి.

నాయన తలెత్తాడు. "వానిదే గదమ్మా."

"మరి ఈ మాట కొక్కులది ఎట్లయితాది? పేడలో మొలిచే దానికి కర్నూలు తెలుసునా, కాలేజీ తెలుసునా? అవి నోరు తెరిపించినాయి అంతే. మాట నా కడుపులోది. పాస్ అయిందని తెలిసిన దినం నుంచి ఉన్నింది, వీధికి జడిసి మింగుకుంటి."

నేను నోరు తెరిచాను. జేజి కత్తెర నా వైపు ఆడించింది. "గమ్మునుండు. నీకు సామి పేరు చెప్పే తెలివి ఉంటే నాకు ఈ బాధ తప్పును. వీధి నోరు సామే మూయించును, నేను హాయిగా వక్క నమలుకుంటా ఉందును. ఈ సత్తెకాలపు బిడ్డ వల్ల నా మాట నేనే మోయాల్సి వస్తాండాది."

అప్పటికీ నాయన కదల్లేదు. "అమ్మా, నువ్వు నిజంగానే..." అన్నాడు.

జేజి మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. నేను పట్టుకోబోతే విదిలించింది. వాకిట్లోకి పోయి, వీధి నడిమధ్యలో నిలబడి, ఎదురింటి అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టుకుని ఉన్న పెద్దాయనను పిలిచింది. అటూ ఇటూ తలుపుల్లోంచి తలలు బయటికి వచ్చాయి.

"ఏమప్పా! నువ్వు చెప్పింది నిజమే. ఆ దినం సామి పూనలేదు, కొక్కులే. ఈ పొద్దు పొద్దుగాల్నుంచి సంగటి, మజ్జిగ తప్ప నేను ఏమీ తినలేదు. కావాలంటే నా నోరు వాసన చూడు. ఇప్పుడు చెప్తాండా, అందరూ ఇనండి. మా పిల్ల కర్నూలుకు పోతాది. పంపేది నేను."